యెహోషువను ముందే పిలవండి



శామీర్‌పేటలో టీకాల ప్లాంటు ఉన్న బయోలాజికల్ ఇ సంస్థను 1953లో డాక్టర్ డి.వి.కె. రాజు ప్రారంభించారు. 2013లో విజయ్ కుమార్ దాట్ల మరణించాక, మూడో తరానికి చెందిన ఆయన కుమార్తె మహిమా దాట్ల పగ్గాలు చేపట్టారు. కోవిడ్ కాలపు కార్బెవాక్స్ ఆమె సారథ్యంలోనే వచ్చింది. అయితే తండ్రి వాటాలపై కుటుంబంలో వచ్చిన వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లి, 2022లో తీర్పు వచ్చింది. ఎవరిది ఒప్పో చెప్పడం మన పని కాదు. అంత పెద్ద సంస్థకే తప్పనిది, మేడ్చల్‌లో కిరాణా కొట్టో వెల్డింగ్ షాపో నడిపే మన కుటుంబాలకు తప్పుతుందా?

క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా తండ్రి మరణిస్తే భార్యకు మూడో వంతు, మిగిలినది కుమారులకూ కుమార్తెలకూ సమానంగా వెళ్తుంది. చట్టం ఆస్తిని పంచుతుంది గాని, కొట్టు ఎవరు నడపాలో చెప్పదు.

సంఖ్యాకాండము 27వ అధ్యాయం చూడండి. తన తర్వాత ప్రజలకు నాయకుడు కావాలని దేవుణ్ణి అడిగినవాడు మోషేయే. బ్రతికుండగానే, సమాజమంతటి ఎదుట యెహోషువ మీద చేతులుంచాడు. తన అధికారంలో కొంత అప్పుడే ఇచ్చాడు. యెహోషువ ఆయన కుమారుడు కాడు!

కాబట్టి ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాయండి. అందరినీ కూర్చోబెట్టి దాన్ని చెప్పండి. సామర్థ్యం కుమార్తెకుంటే ఆమెకే అప్పగించండి. లెక్కల పుస్తకం ఈ నెలే చేతికివ్వండి. కొట్టు కోసం విడిపోయిన అన్నదమ్ములు ప్రభువు బల్ల దగ్గరికి కలిసి రాలేరు.