ఒక షూ అరిగింది, రెండోది ఎందుకు అరగలేదు?

తెనాలి నుంచి ఒక పాఠకుడు ఉత్తరంతో పాటు ఒక ఫొటో పంపారు. పాత దినపత్రిక పరిచి, దాని మీద రెండు బ్రేక్ షూలు పక్కపక్కనే పెట్టి తీశారు. ఒకదాని లైనరు రివెట్ల తలలు బయటపడేదాకా అరిగిపోయింది. రెండోదాని మీద ఇంకా రెండు మూడు రూపాయి బిళ్లలు పేర్చినంత మందం ఉంది. రెండూ ఒకే పెట్టెలోంచి తీసి ఒకే రోజు వేసినవే. కారు పాత అంబాసిడర్, చక్రం వెనక ఎడమది. "డూప్లికేట్ మాలు సార్" అని మెకానిక్ తేల్చేశాడట. నిజమేనా అన్నది ఆయన మొదటి ప్రశ్న. కొత్తవి ఇంట్లోనే వేసుకోవాలంటే ఎలా అన్నది రెండోది.

రెండోదాని సంగతి చివర్లో చూద్దాం. మొదటిది వదల్లేక రాత్రి భోజనం కూడా చల్లారబెట్టుకున్నాను.

డ్రమ్ము బ్రేకు గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నె డ్రమ్ము. దాని లోపల, తిరగకుండా, అర్ధచంద్రాల్లాంటి రెండు షూలు, వాటి మీద రాపిడి కోసం రివెట్లతో బిగించిన లైనర్లు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిలు ఒత్తిడికి వీల్ సిలిండరు వాటిని విడదీసి గిన్నె గోడకు నొక్కుతుంది. వదిలేస్తే స్ప్రింగులు వెనక్కి లాగేస్తాయి. బళ్లో చెప్పేది ఇంతవరకే. అసలు కథ మొదలయ్యేది ఇక్కడే.

చిన్నప్పుడు కర్ర పట్టుకుని మట్టిరోడ్డు మీద నడిచినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కర్రను వెనక్కి ఈడ్చుకుంటూ పోతే గీత గీస్తూ బుద్ధిగా వస్తుంది. అదే కర్రను ఏటవాలుగా ముందుకు పెట్టి తోసుకుంటూ పోతే, కాసేపటికి నేలలో గుచ్చుకుని, రెండో కొన పొట్టలో పొడుస్తుంది. చెయ్యి అదే, కర్ర అదే, నేల అదే. మొదటిసారి రాపిడి కర్రను నేల నుంచి ఎత్తేస్తోంది, రెండోసారి నేలలోకి దించేస్తోంది.

షూల సంగతీ అంతే. ఒక్కో షూకి ఒక చివర ఆనిక ఉంటుంది, రెండో చివర సిలిండరు తోస్తుంది. కారు ముందుకు పోతున్నప్పుడు ఒక షూ మీద డ్రమ్ము గోడ తోపు చివర నుంచి ఆనిక వైపు జారుతుంది. ఆ రాపిడి షూని ఇంకా బలంగా గోడలోకి లాగుతుంది. దీన్ని లీడింగ్ షూ అంటారు, నేను 'లాక్కునే షూ' అంటాను. రెండోదాని మీద గోడ ఎదురు దిశలో జారి దాన్ని దూరంగా తోసేస్తుంది. అది ట్రెయిలింగ్ షూ, నా మాటలో 'తోసేసే షూ'.

చిన్న లెక్క వేద్దాం. ఆనిక నుంచి సిలిండరు తోపుకి దూరం 2 వంతులు, డ్రమ్ము ఎదురొత్తిడికి 1 వంతు, రాపిడి బలానికి మరో 1 వంతు అనుకుందాం. ఘర్షణ గుణకం 0.4. లాక్కునే షూ మీద ఒత్తిడి, తోపుని 2తో గుణించి 0.6తో (1 లోంచి 0.4 తీసేస్తే మిగిలేది) భాగిస్తే వస్తుంది. తోసేసే షూకి 1.4తో (1కి 0.4 కలిపితే వచ్చేది) భాగించాలి. ఒత్తిడిని 0.4తో గుణిస్తే చక్రాన్ని ఆపే రాపిడి. మొదటిదానికి తోపుకి 1.33 రెట్లు, రెండోదానికి 0.57 రెట్లు. అంటే పనిలో 70 శాతం ఒకే షూ చేస్తోంది. పనిచేసేదే అరుగుతుంది. తెనాలి ఫొటోలో కనిపించేది అదే, డూప్లికేట్ మాలు కాదు.

ఇంతటితో ఆగబుద్ధి కావడం లేదు. వాననీళ్లో నూనె చెమ్మో తగిలి ఘర్షణ గుణకం సగానికి, 0.2కి పడిపోయిందనుకోండి. లాక్కునే షూ 1.33 నుంచి 0.5కి జారుతుంది, అంటే సగం కాదు, మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. గుణకం 10 శాతం పెరిగితే ఆ షూ రాపిడి 18 శాతం పెరుగుతుంది. లాభం వచ్చినప్పుడూ ఎక్కువే, నష్టం వచ్చినప్పుడూ ఎక్కువే, అచ్చం వడ్డీకి తెచ్చి వ్యాపారం చేసినట్టు. ఎడమ చక్రంలో పొడి లైనరు, కుడి చక్రంలో చుక్క ఆయిలు ఉంటే బండి పక్కకి లాగేది ఇందుకే.

అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని రూపొందించినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ముందు చక్రాల్లో ఒక్కోదానికి రెండు సిలిండర్లు పెట్టి రెండు షూలనూ లాక్కునేవిగానే అమర్చారు. అందుకే తొక్కే బలాన్ని పెంచే సర్వో లేకుండానే అంత బరువైన బండి కాలి బలానికే ఆగేది. కానీ రివర్సులో డ్రమ్ము ఎదురు తిరుగుతుంది, రెండూ తోసేసేవి అయిపోతాయి. మన లెక్క ప్రకారం బ్రేకు 2.67 నుంచి 1.14కి పడుతుంది. ఎత్తు మీద నుంచి వెనక్కి దిగుతూ "బ్రేకు పట్టట్లేదురా" అని కేకలేసిన పాత డ్రైవర్లు అబద్ధం చెప్పలేదు. వెనక చక్రాల్లో రెండు రకాలూ ఉంచడానికి కారణం హ్యాండ్ బ్రేకు. బండి ఎత్తులో నిలబెట్టినా, పల్లంలో నిలబెట్టినా ఒక షూ అయినా లాక్కోవాలి.

అమెరికాలో బెండిక్స్ బ్రేకు ఇంకో అడుగు వేసింది. అందులో మొదటి షూ ఆనిక మీద కాక రెండో షూ మీద ఆనుతుంది, తన బలమంతా దానికే అప్పగిస్తుంది. అసలు పని రెండోదానిదే కాబట్టి దానికి పొడుగు లైనరు, మొదటిదానికి పొట్టిది. అక్కడ పాత కార్లు విప్పేవాళ్లు పొడుగుది ముందు ఉంటేనే న్యాయమనుకుని తిరగేసి బిగించేస్తారు, ఆ తర్వాత బ్రేకు సరిగా లేదని నెత్తి కొట్టుకుంటారు.

పెద్ద పెద్ద కంపెనీలే పొరబడినప్పుడు వాళ్లనేం అంటాం? 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకి, ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకి పేటెంట్లు తీసుకున్నారు. కార్ల లోకం డ్రమ్మునే నమ్ముకుంది. 1953లో లె మాన్స్ పందెం జాగ్వార్ డిస్క్ బ్రేకులతో గెలిచింది. రెండేళ్లకి అదే పందానికి మెర్సిడెస్ డ్రమ్ములతోనే వచ్చి, అవి చాలక కారు వీపు మీద గాలిని అడ్డుకునే రేకు తలుపు పైకి లేచేలా పెట్టుకుంది. తిరిగే పళ్లేన్ని రెండు పక్కల నుంచి ప్యాడ్లతో నొక్కే డిస్కు బ్రేకుకి లాక్కునే గుణం లేదు, అందుకే బరువైన బండిలో దానికి సాయంగా సర్వో కావాలి. కానీ ఘర్షణ గుణకం సగమైతే బ్రేకూ సగమే అవుతుంది, అంతకు మించి మోసం చెయ్యదు. పైగా వేడెక్కితే డ్రమ్ము ఉబ్బి షూల నుంచి దూరం జరుగుతుంది, డిస్కు ఉబ్బి ప్యాడ్ల వైపే వస్తుంది.

సరే, బిగించడం. ఈ భాగం రాయాలంటే నాకు బద్ధకం, సంపాదకుడు వదలడు. ఒకేసారి రెండు చక్రాలు విప్పకండి, స్ప్రింగులు ఏ రంధ్రంలో ఉండాలో రెండో వైపు చూసి తెలుసుకోవచ్చు. నేను రెండూ విప్పి కూర్చున్న రోజున ఒక స్ప్రింగు స్క్రూడ్రైవరు మీంచి ఎగిరి పక్కింటి తులసికోటలో పడింది. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, కాబట్టి ఆ నల్లపొడిని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. లైనరు మీద గ్రీజు చెయ్యి పెట్టొద్దు, కారణం పైన లెక్కలో ఉంది.

జాకీ ఎత్తి, బండి కింద దన్ను పెట్టి, మిగతా చక్రాలకు అడ్డు వేసి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదిలేయండి. షూలను గోడకి దగ్గర చేసే అడ్జస్టరుని చక్రం బిగుసుకునేదాకా తిప్పి, తర్వాత చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా వదులు చెయ్యండి, చెవికి సన్నగా "సిర్ర్"మంటే పర్లేదు. పెడల్ రెండు మూడుసార్లు గట్టిగా తొక్కితే షూలు సర్దుకుంటాయి, మళ్లీ చూడండి. ముందు చక్రాల్లో షూకొకటి చొప్పున రెండు అడ్జస్టర్లు. హ్యాండ్ బ్రేకు తీగ ఆఖర్న. షూలు సర్దకుండా తీగ బిగించి పనైపోయిందనుకునేవాళ్లే ఎక్కువ, దాంతో వెనక షూలు డ్రమ్ముకి అంటుకునే ఉండి కాలిపోతాయి.

తెనాలి పాఠకుడికి మరో మాట. ముందు చక్రాలూ విప్పి చూడండి. అక్కడ రెండు షూలూ ఇంచుమించు సమానంగా అరగాలి. ఒకటే అరిగి ఉంటే అప్పుడు కంగారుపడండి. రెండో షూ సిలిండరులో పిస్టను తుప్పు పట్టి కదలడం లేదేమో చూడాలి.