లోపల ఎవరూ లేని గగన్‌యాన్

2023 అక్టోబరు 21 ఉదయం శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ ఇంకా అయిదు సెకన్లుందనగా ఆగిపోయింది. ఏదో తేడా ఉందని కంప్యూటరే ప్రయోగాన్ని నిలిపేసింది. ఇంజినీర్లు కారణం పట్టుకుని సరిచేసి, పది గంటలకు టీవీ-డీ1 రాకెట్‌ను వదిలారు. దాని మీద ఉన్నది మనుషులను అంతరిక్షంలోకి పంపే ఇస్రో కార్యక్రమం గగన్‌యాన్ క్రూ మాడ్యూల్ నమూనా. వ్యోమగాములు కూర్చోబోయే గదికి అచ్చమైన రూపమే గానీ, లోపల మనుషులు లేరు, వాళ్లు బతకడానికి కావాల్సిన గాలి పీడనం కూడా లేదు.

ఆ రోజు తేలాల్సిన సంగతికి అవి అక్కర్లేదు. రాకెట్ పైకి పోతుండగా ప్రమాదం ముంచుకొస్తే మనుషులున్న గదిని లాగేసి దూరంగా తీసుకుపోగలమా అన్నదే ఆ పరీక్ష. ధ్వని వేగం దాటాక ఎస్కేప్ మోటార్లు మండి నమూనాను రాకెట్ నుంచి విడదీశాయి. ఆపైన పారాచూట్లు విచ్చుకున్నాయి. నమూనా తీరానికి సుమారు పది కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో దిగింది.

డమ్మీ అంటే నాసిరకం సరుకని కాదు. ఏది పరీక్షిస్తున్నారో అందులో మాత్రం అది అసలుకు తీసిపోకూడదు. పారాచూట్ పరీక్షకు బరువు సరిగ్గా ఉండాలి. వాతావరణంలోకి తిరిగొచ్చే పరీక్షకు రూపం, వేడిని తట్టుకునే కవచం నిజమైనవే కావాలి. మిగతావి లేకపోయినా నష్టం లేదు. అందుకే ఒక్క వ్యోమనౌక కోసం రకరకాల నమూనాలు చేయాల్సి వస్తుంది. పోతే ఒక నమూనా పోతుంది, ప్రాణం పోదు.

ఈ పద్ధతి అమెరికా మెర్క్యురీ వ్యోమనౌకల రోజుల నుంచీ ఉంది. 1959 ఆగస్టు 21న లిటిల్ జో-1 రాకెట్ ప్రయోగానికి సుమారు అరగంట ముందు, ఎవరూ మీట నొక్కకుండానే ఎస్కేప్ రాకెట్ మండింది. నమూనాను ఎత్తుకుపోయి సముద్రంలో పడేసింది. అసలు రాకెట్ మాత్రం లాంచ్‌ప్యాడ్ మీదే నిలబడి ఉంది! విద్యుత్ వలయంలో లోపం అలా బయటపడింది. లోపల మనిషి ఉన్న రోజున బయటపడి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

మన దగ్గర 2014 డిసెంబరు 18న ఎల్‌వీఎం3 రాకెట్ తొలి ప్రయోగంలో క్రూ మాడ్యూల్ నమూనాను 126 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. ఆ రాకెట్ పై దశలోని క్రయోజెనిక్ ఇంజిన్ కూడా పనిచేయని నమూనాయే. మాడ్యూల్ వేడిని తట్టుకుని వాతావరణంలోకి తిరిగొచ్చి, అండమాన్ దగ్గర సముద్రంలో దిగితే కోస్ట్‌గార్డ్ ఒడ్డుకు చేర్చింది. 2018 జులై 5న శ్రీహరికోటలో ప్యాడ్ మీద నుంచే తప్పించుకునే పరీక్ష జరిగింది. మొత్తం 259 సెకన్ల పని. 2025 ఆగస్టు 24న అయితే రాకెట్టే లేదు. దాదాపు అయిదు టన్నుల డమ్మీని వైమానిక దళం చినూక్ హెలికాప్టర్ మూడు కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్లి వదిలింది. చూడాల్సింది పారాచూట్ల వరుసనే కదా.

టీవీ-డీ1 నమూనా క్షేమంగా దిగినా నీటిలో తలకిందులైంది. కె.గంగవరం మండలం కోటిపల్లి రేవులో పంటు ఎక్కేవారికి బరువు ఒక పక్కకు చేరితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. క్రూ మాడ్యూల్‌కూ అంతే, తేలే తీరు గురుత్వ కేంద్రం ఎక్కడుందన్న దాన్నిబట్టే ఉంటుంది. పైగా ఇక్కడ అలలు, గాలి, పారాచూట్ల లాగుడు కలుస్తాయి. అందుకే అసలు మాడ్యూల్ తలకిందులైనా తిరిగి నిలబడేలా ప్రత్యేక ఏర్పాటు చేస్తున్నారు.

రాకెట్ ఎగరడం టీవీలో అందరూ చూస్తారు. నీళ్లలో పడ్డాక జరిగే పని మాత్రం ఎవరి కంటా పడదు, నిజానికి సగం కష్టం అక్కడే ఉంది. ఆ పనికి మన విశాఖపట్నం వేదికైంది. 2023 జులై 20న అక్కడి నేవల్ డాక్‌యార్డ్‌లో ఇస్రో, నౌకాదళం కలిసి హార్బర్ పరీక్షలు జరిపాయి. వాడింది బరువు, ఆకారం అసలుకు సరితూగేలా చేసిన నమూనా. 2024 డిసెంబరు 6న విశాఖ తీరానికి దూరంగా, వెల్‌డెక్ ఉన్న నౌకతో మరో పరీక్ష చేశారు. వెల్‌డెక్ అంటే నౌక వెనుక భాగంలో నీళ్లు నింపగలిగే పెద్ద గది. ముందుగా మాడ్యూల్‌కు బోయ్ కడతారు. తర్వాత తాళ్లతో లాగి, నీటి మీద తేలుతుండగానే నౌక లోపలికి తెస్తారు. దానికోసం సిద్ధంగా ఉంచిన పీఠం మీదికి సరిగ్గా చేర్చి, నీళ్లు బయటికి తోడేస్తారు.

రోజుల తరబడి భారరహిత స్థితిలో ఉండి వచ్చిన వ్యోమగాములను ఊగే సముద్రంలో తాళ్లతో పైకి లాగడం కంటే, మాడ్యూల్‌లో ఉండగానే నౌకలోకి చేర్చడం వాళ్లకు ఎంతో సుఖం, తొందరగా అయ్యే పని కూడా. ఒక్కో పరీక్షలో నేర్చుకున్నదాన్నిబట్టి సిబ్బంది పాటించాల్సిన పని వరుసను దిద్దుకుంటున్నారు. అన్నీ సవ్యంగా జరిగే రోజుకే కాదు, ఏదైనా వికటించే రోజుకు కూడా ఈ వరుస పనికిరావాలన్నది ఇస్రో లక్ష్యం.