కొండ దిగే విద్య

ఇవాళ కొండదారుల గురించి మాట్లాడదామని వచ్చాను. పొన్నూరు మనిషికి కొండలతో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. నిజమే. మా చుట్టూ వరిచేలు, కాలవలు. పడమటికి పోయేకొద్దీ మిరప, పత్తి. కంటికి ఆనినంత మేరా చదునే. నిడుబ్రోలు స్టేషనులో వంతెన మెట్లెక్కితే అదే మాకు పర్వతారోహణ.

నాలుగేళ్ళుగా తెల్లవారుజామున కాలవగట్టు మీద నడుస్తున్నాను. మొదట నడక, తరవాత తరవాత నెమ్మదిగా పరుగు. అలుపు రావడం మానేసింది కదా అని నాకు కాస్త గర్వం కూడా పట్టుకుంది. పోయినేడు ఫాల్గుణంలో మా వీధి ఆడవాళ్ళం ఎనిమిదిమందిమి కోటప్పకొండకు వెళ్ళాం. గుంటూరు మీదుగా నరసరావుపేట, అక్కడినుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. పైదాకా బస్సు వెళ్ళే రోడ్డుంది. అయినా నేను “మెట్లదారినే పోదాం, కాలవగట్టు మీద ఇంతకు రెట్టింపు పరిగెత్తుతున్నాను” అన్నాను.

ఎక్కాను. ఆయాసపడ్డ మాట నిజమే గానీ అందరికంటే ముందు ఎక్కాను. త్రికోటేశ్వరుడి దర్శనం చేసుకున్నాం, పులిహోర తిన్నాం, కబుర్లు చెప్పుకున్నాం. అసలు సంగతి దిగేటప్పుడు మొదలైంది. వంద మెట్లు దిగేసరికి తొడలు వణకడం మొదలుపెట్టాయి. ఇంకాస్త దిగేసరికి కుడి మోకాలి చిప్ప కింద సూదితో పొడిచినట్టయింది. మెట్టు మీద కూలబడ్డాను. మా తోటికోడలు ఒక పక్కా, ఎదురింటి పిన్నిగారు ఒక పక్కా పట్టుకుంటే పక్కవాటుగా, ఎండ్రకాయలాగా, గంటకు పైగా పట్టింది కిందికి చేరడానికి. మర్నాడు కుర్చీలో కూచోవాలంటే “అమ్మా” అనాల్సి వచ్చింది.

ఆ వారమే మావారు పట్నంలో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రే తీయించి, అరుగుదల ఏమీ లేదమ్మా అన్నారాయన. అంతటితో ఊరుకుంటే బాగుండేది. “నలభై దాటినవాళ్ళకి కొండలెందుకు, పరుగులెందుకు? ఇంట్లో పని చాలదా?” అన్నారు. మావారు ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. కానీ ఆ మాటకి రెండు నెలలు కాలవగట్టు వైపే పోలేదు. మోకాలి నొప్పి పది రోజుల్లో పోయింది గానీ ఆ మాట పోలేదు.

మళ్ళీ బయల్దేరదీసింది మా ఆడపడుచు కూతురు. ఆ పిల్లకి జెనీవాలో ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, పక్కనే ఫ్రాన్సులో ఉన్న షామొనీ లోయకు పోయి కొండబాటల్లో పరిగెత్తి వస్తుంది. ఫోనులో నా గోడంతా విని ఒకే మాట అడిగింది. “అత్తయ్యా, నువ్వు ఎప్పుడైనా ఏ కొండైనా దిగావా?”

ఆలోచిస్తే దిగలేదు! తిరుమలకి ఐదుసార్లు నడిచి వెళ్ళాను. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. మోకాళ్ళ మిట్ట దగ్గర మోకాళ్ళ మీద ఎక్కే భక్తుల్ని మీరూ చూసే ఉంటారు. మరి తిరుగు ప్రయాణం? అందరం బస్సెక్కి దిగుతాం. ఎక్కడం మనకి మొక్కు. దిగడం లెక్కలోకి రాదు. అందుకే మనకి అది రాదు.

ఎక్కేటప్పుడు పనిపడేది గుండెకీ, ఊపిరితిత్తులకీ. ఆయాసం వస్తే ఆగుతాం, ఆగితే తగ్గుతుంది. శరీరమే మనకి చెబుతుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కనక హాయిగా ఉందనుకుంటాం. అప్పుడు అసలు పని చేసేది తొడ ముందు భాగంలో ఉండే పెద్ద కండ. అటక మీద నుంచి బరువైన ఇత్తడి గుండిగ దించడం గుర్తు తెచ్చుకోండి. చెయ్యి కిందికి సాగుతూనే ఉంటుంది, సాగుతూనే బిగబట్టి ఉంచాలి, లేకపోతే గుండిగ నెత్తిన పడుతుంది. కొండ దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ తొడకండ చేసే పని అదే. అలా సాగుతూ బిగుసుకోవడం అలవాటు లేని కండలో సన్నని పోగులు చిట్లుతాయి. నొప్పి వెంటనే రాదు. మర్నాడూ, ఆ మర్నాడూ ఎక్కువగా ఉండి, నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. కండ అలిసి పట్టు వదిలేసిందా, ఆ బరువంతా మోకాలి మీద పడుతుంది. మెట్టు దిగేటప్పుడు మోకాలి మీద పడే భారం మన ఒంటి బరువుకు మూడింతలకు పైనే ఉంటుందని వైద్యశాస్త్రం చెబుతోంది. నా బరువెంతో ఇక్కడ చెప్పను, మూడింతలు మీరు వేసుకోవద్దు.

ఇందులో మంచి సంగతి ఒకటుంది. అదే కండ చేత అదే పని కొద్దికొద్దిగా చేయిస్తే, రెండోసారికే నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. అంటే నాకు రాకపోయింది నేర్చుకోగలిగిన విద్యే. వయసు మీద తోసెయ్యాల్సిన పని లేదు.

ఆ పిల్ల ఫోటోలు పంపుతుంటే కొత్త సంగతులు చాలా తెలిశాయి. ఆల్ప్స్ పర్వతాల్లో ‘ఆల్ప్’ అంటే శిఖరం కాదట, ఎండాకాలం పశువుల్ని తోలుకెళ్ళే పై బీడు. జూన్‌లో ఆవుల్ని పైకి తోలి, శీతాకాలం రాకముందే దించేవారు. ఇవాళ రంగురంగుల బూట్లు వేసుకుని జనం పరిగెత్తే బాటల్లో చాలామటుకు అలా పాలకోసం, జున్నుకోసం ఆవులూ మనుషులూ తొక్కి వేసినవే. షామొనీ లోయకి రెండు పక్కలా, కొండ నడుముకి ఒడ్డాణం పెట్టినట్టు సాగే బాటల్ని ‘బాల్కనీ’లనే పిలుస్తారు. ఎదురుగా మంచుకప్పుకున్న మో బ్లా శిఖరం, 4800 మీటర్లకు పైన. మన మేడ మీద బాల్కనీలోంచి ఎదురింటి ట్యాంకు కనిపిస్తుంది, సరేలెండి.

స్విట్జర్లాండులో అలాంటి నడకదారులు సుమారు 65,000 కిలోమీటర్లున్నాయి. 1979లో అక్కడి జనం ఓట్లేసి మరీ కాలిబాటల సంగతి తమ రాజ్యాంగంలో చేర్పించుకున్నారు. దారి పొడుగునా పసుపుపచ్చ పలకలుంటాయి. వాటి మీద కిలోమీటర్లుండవు, గంటలుంటాయి. నాకది ఎంతో నచ్చింది. కొండమీద దూరం ఎంతని అడగడం దండగ. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు ఆయన తేలిక లెక్క ఒకటి చెప్పాడు. ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, ఎత్తు ఆరేడు వందల మీటర్లు అనుకోండి. దాదాపు మూడు గంటలొస్తుంది. మనలో చాలామందికి పట్టేదీ అంతకంటే కాస్త ఎక్కువే కదా!

ఇంకొకటి విని నేను నోరు తెరిచాను. షామొనీలో 2003 నుంచి ఒక పరుగుపందెం జరుగుతోంది. మో బ్లా చుట్టూ ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండుల మీదుగా సుమారు 170 కిలోమీటర్లు, ఎక్కుడు మొత్తం 10,000 మీటర్లు. ఇంతా చేసి, నిలువు ఎక్కుడు వచ్చేసరికి అందులో చాలామంది నడుస్తారట! రెండు చేతులూ తొడల మీద ఆనించి, పొట్టి అడుగులు వేసుకుంటూ. కొండ మీద నడవడం ఓటమి కాదన్నమాట.

ఆ పందెంలో 2018లో సోఫీ పవర్ అనే ఇంగ్లండు ఆవిడ పరిగెత్తింది. అప్పటికి ప్రసవమై మూడు నెలలు. ఇటలీలో కూర్మయ్యూర్ అనే మజిలీలో ఆగి బిడ్డకి పాలిస్తున్న ఆవిడ ఫోటో లోకమంతా తిరిగింది. చాలామంది “అబ్బ, ఎంత తల్లి!” అన్నారు. ఆవిడ చెప్పింది వేరు. దెబ్బతగిలితే పందెంలో చోటు మరుసటి ఏడుకి మార్చేవారు, కడుపుతో ఉంటే మార్చేవారు కాదు. అంతకుముందు ఒకసారి గర్భవతి అవడం వల్ల చోటు పోగొట్టుకుంది. మళ్ళీ పోగొట్టుకోవడం ఇష్టంలేక చంటిబిడ్డతో వచ్చింది. ఆ తరవాత ఆ నియమం మారింది. బాలింతలు పరిగెత్తాలని నేననడం లేదు. కానీ ఎవరికి ఏది కుదురుతుందో నిర్ణయించే కాగితాలు రాసేటప్పుడు మనం గుర్తుకు రాకపోవడం ఎంత మామూలో చూడండి.

ఇదంతా వింటుంటే నాకు కోటప్పకొండ గొల్లభామే గుర్తొచ్చింది. స్థలపురాణం మీకు తెలిసిందే. రోజూ కొండెక్కి స్వామిని సేవించే ఆనందవల్లి గర్భవతి అయ్యింది, ఎక్కలేకపోయింది. నేనే నీ వెంట వస్తాను, తిరిగి చూడకుండా దిగమన్నాడు స్వామి. దిగుతూ దిగుతూ ఆవిడ తిరిగి చూసింది, ఆయన అక్కడే లింగమై నిలిచిపోయాడు. అలసి నీళ్ళకుండ దింపితే కాకి వచ్చి ఒలకబోసిందనీ, ఆ శాపం వల్లే ఆ కొండమీద కాకులు వాలవనీ అంటారు. చూశారా, మన కొండలోనూ మొదట బాట వేసింది రోజూ ఎక్కి దిగిన గొల్లపిల్ల పాదాలే. ఇక దిగేటప్పుడు వెనక్కి చూడకూడదన్నది నా మోకాలు కూడా ఒప్పుకునే మాట.

సరే, నేను చేసిన సాధన చెబుతాను. కుర్చీలోంచి లేవడం కాదు, కూచోవడం నెమ్మదిగా చేశాను, నాలుగంకెలు లెక్కపెడుతూ. పొద్దున పది, సాయంత్రం పది. వారం తరవాత మేడమెట్లు. ఎక్కడం మామూలుగానే, దిగడం మాత్రం పట్టుగోడ అందుబాటులో ఉంచుకుని, చప్పుడు కాకుండా. పాదం దబ్బుమంటే బరువు మోకాలికి పోతోందన్నమాట. మోకాలు కాస్త వంచి ఉంచాలి, బిగదన్నకూడదు. అడుగు పొట్టిగా పడాలి. చూపు రెండు మూడు మెట్ల ముందుండాలి. వారానికి రెండు రోజులే చేశాను, మధ్యలో కండకి విశ్రాంతి కావాలి. బూట్ల తాళ్ళు చీలమండ దగ్గర బిగించాలి, లేకపోతే దిగేటప్పుడు వేళ్ళు ముందుకు జరిగి గోళ్ళు నల్లబడతాయి. గోళ్ళు ముందురోజే తీసుకోండి. చీరకుచ్చెళ్ళు మెట్టుకి తగులుకుంటాయి కనక పంజాబీ డ్రస్సు మేలు. మా అత్తగారు మొదట ముఖం చిట్లించారు, తరవాత చున్నీ ముడి ఎలా వేసుకోవాలో ఆవిడే చూపించారు.

మోకాలు వాచినా, వంచబోతే పట్టేసినా, నొప్పి రెండువారాలు దాటినా మాత్రం ఈ సాధనలు మానేసి డాక్టరుకి చూపించుకోండి. బి.పి., గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందే అడగాలి. మన ఎండలకి చీకటితో బయల్దేరి, ఎనిమిదింటికల్లా దిగిపోవాలి. ఉప్పేసిన మజ్జిగ సీసా చేతిలో ఉండాలి.

కార్తీకంలో మళ్ళీ కోటప్పకొండకు వెళ్ళాం. ఈసారి నేను అందరికంటే వెనక ఎక్కాను, ఆయాసం రాకుండా, చేతులు తొడల మీద ఆనించి. దిగడానికి తోటికోడలు బస్సు దగ్గరికి పోబోతే చెయ్యి పట్టుకుని మెట్లవైపు తిప్పాను. మధ్యలో రెండుసార్లు కూచున్నాం. మావారు కింద టీకొట్టు దగ్గర వాచీ చూసుకుంటూ నిలబడ్డారు.

“ఎక్కినదానికంటే దిగడానికే ఎక్కువసేపు పట్టిందే?” అన్నారు.

“అవునండీ, నిదానంగా దిగాం” అన్నాను. టీ తాగాం. మర్నాడు తొడలు కాస్త పట్టేసినట్టున్నాయి గానీ కుర్చీలో మామూలుగానే కూచున్నాను. ఎల్లుండి కాలవగట్టు మీదికి పోయాను.