అతిథికి దారి చెప్పడమూ ఓ స్కిల్లే!

'ఉప్పల్ స్టేడియానికి ఎక్కడ దిగాలి?' విదేశీ అభిమాని అడిగితే ఏం చెబుతారు?

2023 అక్టోబరులో వన్డే ప్రపంచ కప్ మూడు మ్యాచ్‌లు ఉప్పల్‌లో జరిగాయి. 10న శ్రీలంక 344 పరుగులు కొడితే, పాకిస్థాన్ నాలుగే వికెట్లు పోగొట్టుకుని ఛేదించేసింది. ప్రపంచ కప్‌లో అదో రికార్డు.

అప్పుడు నేను నాచారంలో రూమ్ తీసుకుని ఉద్యోగం వెతుక్కుంటున్నా. హబ్సిగూడ మెట్రోలో ఒకాయన ఇదే ప్రశ్న అడిగారు. 'ఉప్పల్' అనేశా. రైలు కదిలాక గుర్తొచ్చింది.. ఒక స్టేషన్ ముందే 'స్టేడియం' ఉందని! పాపం, ఆయన వెనక్కి నడిచే ఉంటారు.

ఇంటర్వ్యూల్లోనూ నేను చేస్తున్న తప్పు ఇదేనని ఆ రోజే అర్థమైంది. ప్రశ్న పూర్తిగా వినకుండానే జవాబు చెప్పేసేవాణ్ని.

ఐపీఎల్ సీజన్‌లో మీకూ ఇలాంటి అవకాశం దొరుకుతుంది. గేటు దగ్గరో, హెల్ప్ డెస్క్‌లోనో పార్ట్‌టైమ్ పని దొరికితే వదలొద్దు. అయితే పని ఇప్పిస్తామని డబ్బులడిగితే మాత్రం నమ్మొద్దు.

ఎవరైనా దారి అడిగితే ముందు నవ్వుతూ పలకరించండి. టికెట్‌పై గేటు నంబరు చూడండి. చిన్న వాక్యాల్లో చెప్పండి. అర్థమైందో లేదో కనుక్కోండి.

సాఫ్ట్‌వేర్‌లో దీన్నే 'రిక్వైర్‌మెంట్ తెలుసుకోవడం' అంటారు. రెజ్యూమెలో 'గుడ్ కమ్యూనికేషన్' అని రాసే బదులు ఈ అనుభవం రాసి చూడండి. హెచ్ఆర్ అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఓ కథ ఉంటుంది!