ఎముకకి వంద రోజులు

అమ్మడూ, ఈ ఆషాఢంలో సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణకి నేనూ వస్తానని మీ నాన్నతో అన్నావట. చాలా సంతోషమైంది. రోజూ కాలేజీకి నడిచే వెళ్తున్నాను కదా, అది చాలదా తాతా అని నన్ను అడిగావు. చాలదమ్మా. ఎందుకు చాలదో చెప్తాను, ఇలా వచ్చి కూర్చో.

ముందు దారి తెలుసుకో. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలంలో కొండ కింద మొదటి మెట్టు, అంటే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడవివరం, హనుమంతవాక, సముద్రం ఒడ్డున అప్పుఘర్, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా కొండంతా చుట్టి మళ్ళీ తొలిపావంచాకే చేరాలి. మొత్తం 32 కిలోమీటర్లు. గంటకి 4 కిలోమీటర్లు నడిచినా 8 గంటలు, మధ్యలో కూర్చోవడాలూ మంచినీళ్ళూ కలుపుకుంటే 10 గంటలు. ఎక్కువమందికి అది రాత్రి నడకే. తెల్లారితే పౌర్ణమి, స్వామికి ఆ ఏటి ఆఖరి విడత చందనం సమర్పించే రోజు.

ఇంత నడకకి ఒళ్ళు తయారవ్వాలి. అయితే ఒంట్లో అన్నీ ఒకేసారి తయారవ్వవు. ముందు రక్తం, తర్వాత కండ, ఆ తర్వాత చర్మం, అన్నిటికన్నా ఆఖర్న ఎముక. మొదటిసారి నడిచేవాళ్ళకి వచ్చే కష్టాల్లో చాలా భాగం ఈ వరస తెలియక వచ్చేవే.

రక్తం సంగతి చూడు. ఎండలో రోజూ ఓ గంట నడిస్తే నాలుగైదు రోజుల్లోనే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. పది పదిహేను రోజులకి చెమట కూడా తన పద్ధతి మార్చుకుంటుంది. త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు మాత్రం తగ్గుతుంది. ఒక గ్రాము చెమట ఆరిపోతూ ఒంట్లోంచి సుమారు 580 క్యాలరీల వేడిని పట్టుకుపోతుంది. ఆరితేనే సుమా! కారి కింద పడిపోయిన చెమట వల్ల ఒరిగేదేమీ లేదు. ఆషాఢంలో విశాఖ గాలి నీటితో బరువెక్కి ఉంటుంది, చెమట తొందరగా ఆరదు. రాత్రి ఎండ లేకపోయినా గాలిలో తేమ ఇంకా పెరుగుతుంది. అందుకని వదులైన పల్చని బట్టలు వేసుకో. గాలి వీచే చోట కాసేపు నిలబడు.

కండ కథ చెప్పాలంటే మనవాడి పేరు తల్చుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని గుర్తించారు. మనం వేసే ప్రతి అడుగూ ఆ ఏటీపీ విరిగితే వచ్చే శక్తే. కండలో నిలవున్న ఏటీపీ కొద్ది సెకన్లకి మించి రాదు. ఖర్చయిందాన్ని ఖర్చయినట్టే మళ్ళీ తయారు చేసుకుంటూ ఉండాలి. ఆ పని చేసేవి కణాల్లో ఉండే మైటోకాండ్రియాలు. వారాల తరబడి నడిస్తే వాటి సంఖ్య పెరుగుతుంది. నెలా నెలన్నర తిరిగేసరికి, మొదట్లో ఆయాసపడిన దూరం నీకు తేలిగ్గా అనిపిస్తుంది.

జాగ్రత్తగా ఉండాల్సింది సరిగ్గా అప్పుడే. ఊపిరి బాగుంది, పిక్క బాగుంది, ఇంకో పది కిలోమీటర్లు కొట్టేద్దాం అనిపిస్తుంది. ఎముక మాత్రం ఇంకా సిద్ధంగా ఉండదు.

ఎముక రాయిలా ఒకసారి ఏర్పడి అలాగే ఉండిపోయేది కాదమ్మా. కొత్త బరువు పడగానే తనని తాను తిరగ కట్టుకుంటుంది. అయితే ముందు పాతదాన్ని తవ్వుతుంది. తవ్వే కణాలు వేరు, కట్టే కణాలు వేరు. ఒక్కో చోట తవ్వడానికి మూడు వారాలు పడితే, ఆ గుంట పూడ్చి కట్టడానికి మూడు నెలల దాకా పడుతుంది. పెంకుటిల్లు తిరగనేసేటప్పుడు పాత పెంకులు దించేశాక కొత్తవి ఎక్కించేలోపు వాన కురిస్తే ఏమవుతుందో నీకు తెలుసు. ఎముకకీ అలాంటి రోజులు ఉంటాయి. నడక మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో అది మునుపటికన్నా కాస్త బలహీనంగా ఉంటుంది. సైన్యంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మొదటి వారాల్లోనే పాదాలు వాచి నడవలేకపోవడం 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ గమనించి రాశాడు. కారణం అప్పటికి తెలియలేదు. ఎక్స్‌రే వచ్చాక, 1897లో, అవి పాదం ఎముకల్లో వచ్చిన సన్నని పగుళ్ళని తేలింది. దెబ్బ తగిలి వచ్చినవి కావు, అడుగు మీద అడుగు వేసి వచ్చినవి.

ఈ ఒక్క గుర్తు మనసులో పెట్టుకో. కండ నొప్పి పిక్కంతా పరుచుకుని ఉంటుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఎముక నొప్పిని ఒక్క వేలితో ఇదిగో ఇక్కడ అని చూపించగలవు, నడిచేకొద్దీ అది పెరుగుతుంది. అలాంటి నొప్పి వస్తే నడక ఆపి డాక్టరుకి చూపించాల్సిందే. మొక్కు కదా అని పళ్ళు బిగించి నడవకూడదు.

ఇక బొబ్బలు. బొబ్బ పైన రాసుకుపోతే వచ్చేదని అందరూ అనుకుంటారు. నిజానికి చెప్పు పైచర్మాన్ని పట్టుకుని అటూ ఇటూ లాగుతుంటే, లోపలి ఎముక దాని దారిన అది కదులుతుంటే, మధ్యలో ఉన్న చర్మపు పొర చిరుగుతుంది. ఆ చిరిగిన చోట నీరు చేరుతుంది. పొడి చర్మం కన్నా చెమ్మగా ఉన్న చర్మానికి పట్టు ఎక్కువ, అందుకే చెమట పట్టిన పాదానికి బొబ్బలు తొందరగా లేస్తాయి. నూలు మేజోళ్ళు చెమటని పీల్చి తమలోనే ఉంచుకుంటాయి కాబట్టి రెండు జతలు పట్టుకెళ్ళి సగం దారిలో మార్చుకో. మందుల షాపులో మైక్రోపోర్ అని అడిగితే కాగితం టేపు ఇస్తారు. రోజుల తరబడి సాగే 250 కిలోమీటర్ల పరుగు పందాల్లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు దాన్ని పరీక్షించి 2016లో ఫలితం ప్రకటించారు. టేపు వేసిన చోట బొబ్బలు 40 శాతం తగ్గాయి. మడమకీ, బొటనవేలి పక్కకీ బయల్దేరేముందే వేసుకో. కొత్త చెప్పులు మాత్రం ఆ రోజు తొడగొద్దు.

చాలామంది వట్టికాళ్ళతోనే నడుస్తారు. అది వాళ్ళ మొక్కు, దాన్ని నేను కాదనను. వట్టికాళ్ళ నడక అలవాటైన పాదానికి కింద చర్మం దళసరి అవుతుంది. అంత దళసరి అయినా స్పర్శ మాత్రం తగ్గదని హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ లీబర్మన్ బృందం కెన్యాలో జనాన్ని పరీక్షించి 2019లో తేల్చింది. కానీ ఆ దళసరితనం నెలల తరబడి నడిస్తేనే వస్తుంది, ముందురోజు అనుకుంటే రాదు. షుగరు ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది, మేకు గుచ్చుకున్నా తెలియదు. మీ అమ్మమ్మ చెప్పులు విప్పి నడుస్తానంటే నువ్వే గట్టిగా అడ్డుపడాలి. అప్పన్న కోపగించుకోడు.

దారిపొడవునా మంచినీళ్ళూ మజ్జిగా పులిహోరా చేతికందిస్తారు. అందించిన నీళ్ళన్నీ తాగకు, దాహమైనంతే తాగు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండవలసిన దానికన్నా తగ్గింది. ఎక్కువ నీళ్ళు తాగి దారిలో బరువు పెరిగినవాళ్ళలోనే అది ఎక్కువగా కనబడింది. అందుకని మజ్జిగలో ఉప్పు ఉండాలి. ఇంట్లో మన అనకాపల్లి బెల్లం ఉండనే ఉంది, పానకం చేసి అందులో చిటికెడు ఉప్పు వెయ్యి. పేగు గోడలో చక్కెరనీ సోడియాన్నీ జంటగా లోపలికి దాటించే ద్వారం ఒకటి ఉంది, ఆ జంట వెంట నీరూ లోపలికి వస్తుంది. ఈ సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పాడు. విరేచనాలైతే తాగించే ఓఆర్ఎస్ ప్యాకెట్టు పనిచేసేదీ ఇలాగే.

మరి ఎప్పుడు మొదలుపెట్టాలి? ఉగాది నుంచి ఆషాఢ చతుర్దశికి మూడు నెలలా పద్నాలుగు తిథులు, రమారమి వంద రోజులు. మధ్యలో అధికమాసం వస్తే ఇంకో నెల కలిసొస్తుంది. ఎముక అడిగే గడువు కూడా ఇంచుమించు అంతే. కాబట్టి గవరపాలెంలో నూకాలమ్మ తల్లి కొత్త అమావాస్య జాతర చూసుకుని, మర్నాడు ఉగాదినాడే మొదలుపెట్టు. వేసవి కనక తెల్లవారుజామునే బయల్దేరు. అలవాటయ్యాక వారంలో ఒకటి రెండు పూటలు కాస్త పొద్దెక్కాక నడిస్తే ఎండకి ఒళ్ళు అలవాటుపడుతుంది. మొదటి నెల మామూలు రోజుల్లో నాలుగైదు కిలోమీటర్లు దాటకు. ఆదివారం మాత్రం శంకరం దాకా పోయి రా, మన అనకాపల్లికి 3 కిలోమీటర్లే. అక్కడి బొజ్జన్నకొండ మెట్లు ఎక్కి దిగు. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే తొడ కండ సాగుతూ బరువు మోస్తుంది, మర్నాడు నొప్పి పుట్టేది అందుకే. ఒకసారి అలా నొప్పి పడ్డ కండకి ఆ తర్వాత కొన్ని వారాలు అంత నొప్పి రాదు. రెండో నెల నుంచి ఆదివారం నడక కొద్దికొద్దిగా పెంచు, నాలుగు వారాలకోసారి ఒక వారం సగానికి తగ్గించు. తిరగ కట్టుకునే ఎముకకి ఆ తీరిక కావాలి. ప్రదక్షిణకి రెండు వారాల ముందు ఒక్కసారి 22 కిలోమీటర్లు నడిచి చూసుకో. ఆ తర్వాత తగ్గించెయ్యి.

నీతో వస్తామన్న స్నేహితురాళ్ళకి కూడా ఇదంతా చెప్పు, వాళ్ళనీ ఉగాదినాడే నీతో నడక మొదలుపెట్టమను. ఆషాఢం వచ్చాక మొదలుపెడదామన్నవాళ్ళని ఈ ఏడాది కొండమీద దర్శనం చేసుకుని, ప్రదక్షిణకి పై ఏడాది రమ్మను.