గుండుకు ఏ సీసం?

1776 జులై 9న న్యూయార్క్‌లోని బౌలింగ్ గ్రీన్ దగ్గర మూడవ జార్జి రాజు విగ్రహాన్ని జనం తాళ్లు కట్టి కూలదోశారు. అది బంగారు పూత పూసిన సీసపు విగ్రహం. ముక్కల్లో చాలావాటిని కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు చేర్చి, కరిగించి, 42,088 గుండ్లు పోశారని ఆనాటి లెక్క ఒకటి నిలిచి ఉంది. ఆ సీసం ఎంత శుద్ధమైనదని ఎవరూ పెద్దగా ఆలోచించి ఉండనక్కర్లేదు. అప్పటి సైనికుల మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండు గొట్టం కన్నా కాస్త చిన్నది. మూతిలోంచి మందు పోసి, గుండు జారవిడిచి, గజం కడ్డీతో దట్టిస్తే సరిపోయేది.

గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు చెక్కినప్పుడు లోహం సంగతి పట్టించుకోక తప్పలేదు. ఆ గాడులు గుండును పట్టి తిప్పితేనే అది గాలిలో నిలకడగా పోతుంది. గాడులను పట్టేంత బిగువుగా ఉంటే మూతిలోంచి దిగదు, సులువుగా దిగితే గాడులను పట్టదు. మూతి నుంచి నింపే రైఫిల్‌కు ఉన్న చిక్కంతా ఇదే. దీనికి వేటగాళ్లు కనుక్కున్న ఉపాయం గుడ్డపేలిక. గొట్టం వ్యాసం 12.7 మిల్లీమీటర్లయితే గుండు సుమారు 12.45 ఉంటుంది. నూనె పట్టించిన పేలిక మధ్యలో ఇరుక్కుని, గాడుల తిప్పుడును గుండుకు అందిస్తుంది. పేలిక నేత గుండు మీద అచ్చు పడేంత మెత్తగా సీసం ఉండాలి. గట్టి గుండు అయితే పేలిక జారిపోతుంది, లేదా దట్టేటప్పుడే చిరుగుతుంది.

రెండో పరిష్కారం 1849లో ఫ్రెంచి అధికారి క్లాడ్ ఎతియెన్ మినియే ఇచ్చాడు. గుండును కోలగా చేసి అడుగున గుల్ల పెట్టి, అందులో చిన్న ఇనుప గిన్నె అమర్చాడు. మందు పేలగానే గిన్నె ముందుకు దూసుకెళ్లి సీసపు అంచును విప్పార్చి గాడుల్లోకి నెడుతుంది. అంచు తగినంత పలచగా ఉంటే గ్యాసు ఒత్తిడే ఆ పని చేస్తుందని, గిన్నె అక్కర్లేదని అమెరికాలో జేమ్స్ బర్టన్ తర్వాత చూపించాడు. 1857 సిపాయిల తిరుగుబాటు అనగానే మనకు గుర్తొచ్చే ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కూడా ఈ కుటుంబానిదే. దాని గొట్టం 14.66 మిల్లీమీటర్లు, తొలినాటి గుండు సుమారు 14.4 మిల్లీమీటర్లు, బరువు 34 గ్రాములు. ఆ తూటా కాగితానికి పూసిన కొవ్వు గురించి చరిత్రకారులు ఎంతో రాశారు. లోపలి సీసం గురించి రాసింది చాలా తక్కువ. ఆ రైఫిల్ గురి మొత్తం ఆ సీసం మెత్తదనం మీదే నిలబడింది. అంచు విచ్చుకోకపోతే గ్యాసు పక్కనుంచి తప్పించుకుంటుంది, గుండు తిరగదు, గురి పోతుంది.

సీసానికి ఈ మెత్తదనం ఎక్కడిదో చూడాలి. అది 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. పరమ ఉష్ణమానంలో చెబితే సుమారు 600 కెల్విన్. మన గది వేడి 300 కెల్విన్, అంటే ద్రవీభవన స్థానంలో సగం. ఇనుమును ఆ స్థాయికి తేవాలంటే 630 డిగ్రీలకు కాల్చాలి. కాబట్టి సీసం మన చేతిలో చల్లగా ఉన్నా, లోహంగా అది వేడెక్కే ఉన్నట్టు లెక్క. సుత్తితో కొట్టినప్పుడు నలిగిన స్ఫటికాలు మళ్లీ వాటంతటవే కొత్తగా ఏర్పడతాయి. అందుకే రాగి, ఇనుము కొట్టేకొద్దీ గట్టిపడతాయి గానీ శుద్ధ సీసం గట్టిపడదు. దాని బ్రినెల్ కాఠిన్యం అయిదు దగ్గరే ఉండిపోతుంది.

దానికి ఆంటిమొనీ కలిపితే స్వభావం మారుతుంది. 252 డిగ్రీల దగ్గర సీసం మూడున్నర శాతం దాకా ఆంటిమొనీని తనలో ఇముడ్చుకుంటుంది. చల్లారాక అంత పట్టదు. మిగిలినది సన్నని రేణువులుగా విడివడి స్ఫటికాల జారుడుకు అడ్డుపడుతుంది. లైనోటైపు యంత్రాల లోహంలో ఆంటిమొనీ సుమారు 12 శాతం, తగరం 4 శాతం. కాఠిన్యం శుద్ధ సీసానికి నాలుగు రెట్లకు పైనే. మన అచ్చాఫీసుల్లో కేసుల నిండా ఉండిన తెలుగు టైపు కూడా ఈ జాతి లోహమే. వేల ప్రతులకు అక్షరం అంచు చెక్కుచెదరకుండా నిలిపే గుణం, మినియే గుండు అంచుకు సరిగ్గా అక్కర్లేని గుణం. ఎక్కువ వేగంతో పోయే నేటి రైఫిళ్లలో సీసపు గుండు గాడులకు పూసుకుపోకుండా ఉండాలంటే గట్టిదనం కావాలి. ఆ అనుభవంతోనే కొందరు గట్టిదే మేలైనదని నమ్ముతారు. పాత తుపాకీకి ఆ నమ్మకం పనికిరాదు.

తగరం సంగతి వేరు. కరిగిన సీసం తలతన్యతను అది తగ్గిస్తుంది, లోహం అచ్చు మూలలకు చక్కగా పాకుతుంది. నలభై పాళ్లకు ఒక పాలు తగరం కలిపితే గట్టిదనం కొంచెమే పెరుగుతుంది. గుల్ల లేని కోల గుండుకు అది ఒప్పుతుంది. గుల్ల గుండుకు మాత్రం శుద్ధ సీసాన్నే నేను సిఫారసు చేస్తాను.

పాత సీసం కొన్నప్పుడు అదేమిటో తెలుసుకునే ఒక దారి తక్కెడ. 12.45 మిల్లీమీటర్ల గుండు శుద్ధ సీసంతో పోస్తే సుమారు 11.5 గ్రాములు తూగాలి. అదే అచ్చులో లైనోటైపు లోహం దాదాపు ఒక గ్రాము తక్కువ తూగుతుంది, ఎందుకంటే ఆంటిమొనీ, తగరం రెండూ సీసం కన్నా తేలిక. గోటితో గీస్తే మెత్తని సీసం మీద మెరిసే గాటు పడుతుంది. రాతి మీద పడేస్తే మొద్దుగా చప్పుడవుతుంది, మిశ్రలోహమైతే కాస్త మోగుతుంది. సీసంతో చేసిన పాత నీటి గొట్టాలు, ఇంటి కప్పు రేకులు సాధారణంగా మెత్తనివే. కారు చక్రాల బరువుల్లో ఆంటిమొనీ ఉంటుంది, కొత్తవాటిలో జింకు కూడా కనిపిస్తుంది. జింకు కొద్దిగా చేరినా లోహం చిక్కబడి అచ్చును సరిగా నింపదు. అది 419 డిగ్రీలకు గానీ కరగదు కాబట్టి, పాత్ర వేడి అంతకు బాగా దిగువన ఉంచితే జింకు ముక్కలు పైకి తేలతాయి, ఏరెయ్యొచ్చు.

బ్యాటరీ పలకల జోలికి మాత్రం వెళ్లకూడదు. వాటిలోని ఆంటిమొనీ, ఆర్సెనిక్ మూలంగా స్టిబీన్, ఆర్సీన్ అనే ప్రాణాంతక వాయువులు పుట్టే ప్రమాదం ఉంది. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా అది ఆవిరై లోహాన్ని ఎగజిమ్ముతుంది. సీసం మరిగే వేడి 1,700 డిగ్రీలకు పైమాటే. అందువల్ల పోత పోసే వేడిలో ఆవిరి కన్నా, పైన తేలే చిట్టెం దుమ్మే ఎక్కువ హాని. అది చేతులకు, బట్టలకు అంటి ఇంట్లోకి, పిల్లల నోట్లోకి చేరుతుంది. సీసానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ తేలలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిట్టెం తీసే గరిటె, పాత్ర వంటింటికి తిరిగి రాకూడదు. బట్టలు విడిగా ఉతకాలి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టాలి.