తెలిసినదే యని త్రోసివేయుట చాలునా?

భీమవరము ప్రాంతమున రొయ్యల చెరువులుగల రైతులకు తెల్లవారుజాము గండము వంటిది. నీటిలోని ప్రాణవాయువు ఆ వేళకు మిక్కిలి తగ్గును. అప్పుడు కరెంటు పోయి ఏరేటర్లు నిలిచినచో, మరల కరెంటు వచ్చినను సామాన్యమగు స్టార్టరు తనంతట పనిచేయదు. ఒకరు గట్టునకు పోయి మీట నొక్కవలెను. ఇంటనుండియే సెల్‌ఫోనుతో మోటారును నడుపు సాధనములు ఇందుకొఱకే ఉపయోగపడుచున్నవి. అట్టి సాధనమును మెఱుగుపఱచిన మన డెల్టా పనివాడు పేటెంటు కోరగా, ఇది అందఱికిని తోచునదే యని దరఖాస్తు నిరాకరింపబడినయెడల నతనికి దిక్కేమి?

దూరమునుండి యంత్రమును నడుపుట క్రొత్తకాదు. 1895 లో జగదీశచంద్ర బోసుగారు కలకత్తా టౌనుహాలులో తీగలేకయే గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చిరి. 1898 లో నికోలా టెస్లా పడవను దూరమునుండి నడుపు పద్ధతికి అమెరికాలో పేటెంటు పడసెను. కావున ఫోనును స్టార్టరునకు జతచేసితినని మాత్రమే చెప్పువాని వాదము నిలువదు; నిలువగూడదు కూడ. కార్ఖానాలోని సామాన్యమగు మెఱుగు పేటెంటునకు చాలదని బిశ్వనాథ ప్రసాదు వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1978 లోనే తీర్పు చెప్పినది.

అయినను పూర్తియైన వస్తువును చూచిన పిమ్మట ఎవనికైన నది సులభముగనే తోచును. అట్టి వెనుకచూపుతో తీర్పు చెప్పుట న్యాయముకాదని మా యభిప్రాయము. పూర్వపత్రములలో నేమున్నది, దరఖాస్తులో నేమున్నది, మొదటిదానినుండి రెండవది నేర్పరికి ఎట్లు తోచును అను మూడింటిని విచారింపక, ఫలితమును మాత్రము ప్రకటించుట చెల్లదని 2022 లో ఢిల్లీ హైకోర్టు అగ్రిబోర్డు వ్యాజ్యమున స్పష్టపఱచినది. అప్పీలుదారుని బలమెల్ల నిచ్చటనే యున్నది. ప్రాణవాయువును కొలిచి, ఏ చెరువునకు ముందు ఏరేటరు నడుపవలెనో తానే నిర్ణయించు పద్ధతి యాతనిదైనచో, పాతపత్రములు రెండింటిని అట్లు కలుపుమని ఏది సూచించినదో చూపుడని యడుగవచ్చును. కాని మొదటి దరఖాస్తులో వ్రాయని ప్రత్యేకతను అప్పీలులో క్రొత్తగ చేర్చుటకు వీలులేదు. ఈ యెఱుకలేక నష్టపోవుట సులభము!

1970 నాటి చట్టపు 117ఎ సెక్షను ప్రకారము అప్పీలునకు గడువు 3 నెలలు. 2021 లో అప్పీలు బోర్డు రద్దయినది. చెన్నై పేటెంటు కార్యాలయపు నిరాకరణములపై నిప్పుడు మద్రాసు హైకోర్టునకు పోవలెను. చిన్న కార్ఖానావానికి ఆ ప్రయాణమును, వకీలు ఖర్చును భారమే. పూర్వపు పేటెంటు పత్రములు పేటెంటు కార్యాలయపు వెబ్‌సైటులో ఉచితముగనే లభించుచున్నవి. కాకినాడ, భీమవరములలోని ఇంజనీరింగు కళాశాలలవారు వానిని వెదకి చదివి చెప్పు సాయమైనను, దరఖాస్తు వ్రాయుటకు ముందే, ఇట్టి పనివారికి చేయవలెనని కోరుచున్నాము.